పదకొండో నంబరు క్రీము

కొంబోకి ఒకటే పిచ్చి. ఎండ క్రీము. తిండి మీద ధ్యాస లేదు, బట్టల మీద లేదు, నలభై ఏళ్లొచ్చినా పెళ్లి మీద కూడా లేదని టాంగా రేవు ఊరి బస్టాండులో అందరూ అనుకునేవారు. ఆ చివరి మాట ఒక్కటి మాత్రం కుర్ర డ్రైవరు అథుమాని నమ్మలేదు. ఎదుటివాడి చెయ్యి మోచేతి దాకా బోసిగా కనిపిస్తే చాలు, కొంబో తన జేబులో చెయ్యి పెట్టేవాడు. ట్యూబు బయటికొచ్చేది. "ఒక్క నిమిషం, చెయ్యి ఇలా పెట్టు" అనేవాడు. ఆ ఒక్క నిమిషంలో పారిపోనివాడు అరగంట ఇరుక్కున్నట్టే.

కొంబో నడిపేది మూడు చక్రాల బజాజీ. దానికి పైన కప్పు ఉంది. ముందు అద్దం ఉంది. అయినా డ్రైవరు సీటు పక్కన వంటింటి అలారం గడియారం ఒకటి తాడుతో వేలాడేది. రెండు గంటలకోసారి అది మోగేది. మోగిందా, బండి ఆగాల్సిందే. ఒకసారి సరిగ్గా గడియారస్తంభం కూడలి మధ్యలో మోగింది. వెనకాల లారీలు హారన్లు కొడుతున్నాయి. కొంబో తాపీగా రెండు వేళ్ల పొడుగునా క్రీము పిండుకుని మెడకి రాసుకుంటున్నాడు. ట్రాఫిక్ పోలీసు పరుగున వచ్చాడు.

"బండి తియ్యవయ్యా. బుర్ర ఉందా నీకు?"

"ఉంది సార్. దాని పైన ముఖం కూడా ఉంది. మీకూ ఉంది. పొద్దున్నించి ఈ ఎండలో నిలబడ్డారు, ఏమైనా రాసుకున్నారా?"

"ఏం రాసుకోవాలి?"

అంతే. అడగకూడని ప్రశ్న అడిగేశాడు. అయిదు నిమిషాల తర్వాత పోలీసు టోపీ తీసి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు, కొంబో అతని చెవుల వెనకాల రాస్తున్నాడు. లారీలవాళ్లు హారన్లు మానేసి కిందికి దిగి చూశారు. చలానా రాయలేదు సరికదా, ఆ పోలీసు మర్నాడు "నిన్నటిది జిడ్డుగా ఉందయ్యా" అని ఫిర్యాదు చేశాడు. కొంబో నోటుపుస్తకం తీసి రాసుకున్నాడు.

కాఫీలమ్మే ముసలాయన అత్త పోయినప్పుడు ఖననానికి అందరూ వెళ్లారు. కొంబో బండిలోంచి విప్పి జేబులో వేసుకొచ్చిన గడియారం అక్కడ మోగింది. ఊరు ఊరంతా తల తిప్పి చూసింది. కొంబో సిగ్గుపడలేదు. తను రాసుకుని, గుంట తవ్వుతున్న ఇద్దరికీ రాశాడు.

"ఇక్కడ కూడానా అన్నా?" అని ఎవరో గొణిగారు.

"ఆవిడకి ఇక ఎండ బాధ లేదు. వీళ్లకుంది" అన్నాడు.

స్టాండులో ముప్ఫై మంది డ్రైవర్లు. ముప్ఫై మందికీ పొద్దున్నే చేతుల నిండా తలో క్రీము. ఎవడైనా "తెల్లబడాలనా?" అని వెక్కిరిస్తే కొంబోకి కోపం వచ్చేది. "తెల్లబడటానికి వేరే కొట్టుకి పో. ఇది కాలకుండా ఉండటానికి" అనేవాడు. అతని లెక్క ప్రకారం మంచి క్రీము రాసుకున్నాక, రాసుకున్న సంగతి రాసుకున్నవాడికే గుర్తుండకూడదు. గుర్తుందంటే అది క్రీము కాదు, దుప్పటి. వానలకి ముందు టాంగా ఉక్కలో, సముద్రం కూడా చెమట పట్టినట్టుండే రోజుల్లో, దుప్పటి కప్పుకుని ఎవడు తిరుగుతాడు?

ఎంపికకి మూడు పరీక్షలు పెట్టాడు. మొదటిది పిండి పరీక్ష: రాసుకున్న పది నిమిషాలకి మనిషి కర్రపెండలం పిండిలో దొర్లి లేచినట్టు కనిపిస్తే ఆ క్రీము అవుట్. రెండోది కంటి పరీక్ష: మిట్టమధ్యాహ్నం బస్టాండు చుట్టూ రెండు చుట్లు పరిగెత్తాలి, చెమట నుదుటి మీంచి కళ్లలోకి దిగాలి, మండకూడదు. మూడోదే ఎవరికీ అర్థం కాలేదు. నారింజ పరీక్ష. క్రీము రాసుకున్న చేతుల్లోకి పది అడుగుల దూరం నుంచి, పక్కనున్న ముహేజా తోటల నారింజకాయ విసిరేవాడు. జారకుండా పట్టుకోవాలి.

"క్రీముకీ నారింజకీ ఏంటి సంబంధం అన్నా?"

"పట్టు చూడాలి కదరా. జిడ్డు మిగిలితే చేతిలోంచి లోకమే జారిపోతుంది" అనేవాడు. ఇదొక వేదాంతం కాబోలు అనుకుని అందరూ నారింజలు పట్టుకునేవారు. జారినవి తినేసేవారు.

ఇదంతా ఊరికి నవ్వులాట. అథుమానికి మాత్రం కడుపుమంట.

అథుమానికి ఇరవై నాలుగేళ్లు. పాలిటెక్నిక్ రెండో ఏడు మధ్యలో మానేశాడు. ఎందుకురా అంటే "కూర్చోబెట్టారు, కూర్చోలేకపోయాను" అనేవాడు. మేనమామ షెంబిలు కొన్న బజాజీ నడిపేవాడు. మొహమాటం అన్నది పుట్టుకతోనే లేదు. లావుపాటి మనిషి ఎక్కితే "ఇద్దరి చోటు పట్టారు" అని ముఖం మీదే అనేవాడు. అబద్ధం ఆడటం చేతకాదని స్టాండంతటికీ తెలుసు. తగాదా వస్తే సాక్ష్యానికి అతన్నే పిలిచేవారు. ఇంత మొండి నోరూ ఒకే ఒక్కచోట పడిపోయేది, స్టాండుకి ఎదురుగా ఉన్న మందుల కొట్టు ముందు. ఆ కొట్లో జైతూని ఉండేది.

జైతూనితో మాట్లాడాలంటే మందు కొనాలి. అథుమాని తలనొప్పి మాత్రలు కొన్నాడు, పంటినొప్పివి కొన్నాడు, దగ్గు మందు కొన్నాడు. నాలుగో నెలకి జబ్బులు అయిపోయాయి. నులిపురుగుల మాత్రలు రెండు డోసులు కొన్నరోజు ఆమె చీటీ రాసిస్తూ నెమ్మదిగా అడిగింది:

"అథుమానీ, డాక్టర్లు ఇంకా ఎన్నాళ్లు చెప్పారు?"

"ఏం చెప్పారు?"

"నువ్వు బతకడం."

ఆ చీటీని అతను మడతపెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు. ఆమె చేతిరాత కదా.

కొంబోకి మాత్రం జబ్బులతో పనిలేదు. రోజుకి ఆరుసార్లు దర్జాగా కొట్టుకి వెళ్లేవాడు. "కొత్తది వచ్చిందా?" అనేవాడు. ఆమె అద్దాల బీరువా తెరిచేది. ఇద్దరూ బల్ల మీద తలలు వంచి ట్యూబుల వెనక సన్న అక్షరాలు గంటలకొద్దీ చదివేవారు. కొంబో ఆమె ముంజేతి మీద పెన్నుతో గళ్లు గీసేవాడు, గడికో నంబరు వేసేవాడు, గడికో క్రీము. అథుమాని ఎదురుగా బజాజీలో కూర్చుని ఆ గళ్లు లెక్కపెట్టేవాడు. ఆరు గళ్లు. ఆరుసార్లు ఆ పెన్ను ఆమె చేతి మీద నడిచింది. తన నాలుగు నెలల జబ్బులకి ఆమె వేలికొస కూడా తగల్లేదు, చిల్లర సైతం బల్ల మీద పెట్టేది.

ఒకరోజు మధ్యాహ్నం జైతూని కొట్టు ముందుకే వచ్చి నిలబడింది. తొడుక్కున్న అంగీ చేతులు మోచేతుల దాకా మడిచింది. కొంబో నారింజలు విసురుతున్నాడు. పదకొండు విసిరాడు, ఏడు పట్టుకుంది. ఒకటి చేతిలోంచి జారి గడ్డానికి తగిలితే పగలబడి నవ్వింది. అథుమాని బండి దిగాడు.

"ఏంటన్నా ఇది, క్రీము పరీక్షా, పెళ్లిచూపులా?"

"పట్టు చూస్తున్నానురా."

"ఎవరి పట్టు?"

"ఎనిమిదో నంబరుది. ఏడు పట్టింది, నాలుగు వదిలింది. పనికిరాదు. ఇంకా తేలికది కావాలి జైతూనీ."

"ఉంది అన్నా, జెల్లులాగా ఉండేది ఒకటి వస్తుందన్నారు" అంది ఆమె.

అన్నా అంటోంది కదా అని పక్కనున్న డ్రైవరు సర్దిచెప్పబోయాడు. "అందరూ అందర్నీ అన్నా అంటారు. వాళ్లలో సగంమందికి పెళ్లిళ్లయి పిల్లలు కూడా పుట్టారు" అన్నాడు అథుమాని.

ఈ మంటలో అతనికి ఉన్న ఒకే ఒక్క ఆశ రజబు. రజబు జైతూని తమ్ముడు, డ్రైవర్ల ఫుట్‌బాల్ జట్టుకి గోల్‌కీపరు. పుట్టుకతోనే ఒంట్లో రంగు లేనివాడు, జుట్టూ కనురెప్పలూ కూడా తెలుపే. పొద్దున్న పదింటి ఎండకే ఒళ్లు కమిలి బొబ్బలెక్కేది, అందుకని సాయంత్రం ఆటల్లోనే దిగేవాడు. వచ్చే ఆదివారం రేవు కూలీల జట్టుతో ఫైనల్ మాత్రం మధ్యాహ్నం మూడింటికి పెట్టారు. రజబు ఆడతాడో ఆడడో తెలియక స్టాండంతా గోళ్లు కొరుక్కుంటోంది. అథుమాని మాత్రం కాబోయే బావమరిది అన్న లెక్కన అతనికి రోజూ ఉచితంగా బండి ఎక్కించేవాడు. రజబు దగ్గర కొంబోని తిట్టేవాడు కూడా.

"ఆయన పిచ్చి ఆయనది. ఎవరికేం నష్టం?" అనేవాడు రజబు.

నష్టం ఎవరికో అథుమానికి తెలుసు.

చివరికి తెగించి, తొమ్మిదో నంబరు పరీక్షకి తనే ముందుకొచ్చాడు. జైతూని చూస్తుండగా చొక్కా చేతులు మడిచాడు. కొంబో సంబరపడిపోయి నుదురు దగ్గర్నించి మెడ దాకా పూశాడు. పిండి పరీక్షలోనే అథుమాని సున్నం వేసిన గోడలా తేలాడు. బండెక్కబోయిన ముసలావిడ అతన్ని చూసి ఏదో ప్రార్థన చదువుకుంటూ వెనక్కి తగ్గింది. అయినా పరిగెత్తాడు. రెండు చుట్లు చాలు, అతను మూడు కొట్టాడు, ఆమె చూస్తోంది కదా అని. మూడో చుట్టులో క్రీము చెమటతో కలిసి కళ్లలోకి దిగింది. కొట్టు మెట్ల మీద కూలబడ్డాడు.

జైతూని పరుగున వచ్చింది. ఎడమచెయ్యి అతని గడ్డం కింద పెట్టి ముఖం పైకెత్తి, కుడిచేత్తో నీళ్లు పోసింది. నాలుగు నెలలుగా కలగన్న క్షణం. కళ్లు మాత్రం తెరుచుకోలేదు. ఆమె ఊపిరి వినిపిస్తోంది, ముఖం కనిపించదు. నెత్తిమీద కొంబో గొంతు మాత్రం స్పష్టంగా వినిపించింది: "తొమ్మిది. కళ్లు మండును. కొట్టివేయడమైనది."

"పాపం అన్నా" అంది జైతూని.

ఆ 'పాపం' తనకోసమా, తొమ్మిదో నంబరు కోసమా అని అథుమాని రెండు రోజులు ఆలోచించాడు.

ఫైనల్ ఇంకా రెండు రోజులుందనగా, శుక్రవారం నాడు అసలు పిడుగు పడింది. మధ్యాహ్నం నమాజు అయ్యాక డ్రైవర్లందరూ మసీదు గోడ నీడన కాఫీ తాగుతున్నారు. కొంబో ఇస్త్రీ చేసిన పొడుగు తెల్ల అంగీ, కుట్టుపని టోపీ వేసుకుని బయటికొచ్చాడు. చేతిలో తెల్ల రుమాలు. రుమాల్లో ఏదో చుట్టి ఉంది. దాన్ని రెండు చేతులతో గుండెల దగ్గర పట్టుకుని, బండి ఎక్కకుండా, నడుచుకుంటూ చుంబగేని వైపు వెళ్లాడు. జైతూని ఇల్లు అక్కడే.

కాఫీ కప్పులన్నీ గాల్లోనే ఆగిపోయాయి. ఆ ఊళ్లో పిల్లని అడగాలంటే ఉత్తరం రాసి, తెల్ల రుమాల్లో చుట్టి, శుక్రవారం నమాజు తర్వాత ఆ ఇంటికి పంపుతారు. మామూలుగా ఇంటిపెద్ద తీసుకెళ్తాడు. కొంబోకి పెద్దలెవరూ మిగల్లేదు.

"తనే తీసుకెళ్తున్నాడు పాపం" అన్నాడొకడు.

"మొత్తానికి పెళ్లి మీదకి మనసు మళ్లింది" అన్నాడు ఇంకొకడు.

అథుమాని కాఫీ కింద పెట్టలేదు, కింద పారేశాడు. బజాజీ ఎక్కి మేనమామ ఇంటికి పోయాడు. శుక్రవారం పులావు తిని షెంబిలు మామ గుమ్మంలో చాప మీద గుర్రుపెడుతున్నాడు.

"మామా, లే. పెళ్లి అడగడానికి పోవాలి."

"ఎవరికి?"

"నాకు."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. నడిచి పోతున్నాడు వాడు, బండిలో పోతే మనమే ముందు."

ఉత్తరం రాయడానికి కాగితం దొరకలేదు. జేబులో దాచుకున్న మందుల చీటీ ఉంది. దాని వెనకవైపు నాలుగు లైన్లు బరికాడు. రుమాలు లేదు. బండి తుడిచే పసుపుగుడ్డ ఉంది. నిద్రకళ్ల మామని వెనకసీటులో పడేసి, వచ్చిన మలుపల్లా రెండు చక్రాల మీద తీసుకుని చుంబగేని చేరాడు. అయినా ఆలస్యమే అయింది. గుమ్మం బయట కొంబో చెప్పులున్నాయి.

లోపల చాప మీద కొంబో కూర్చున్నాడు, ఎదురుగా రజబు. తల్లి గోడకానుకుని ఉంది. రుమాలు విప్పి ఉంది, తడిగా. అందులో ఉత్తరం లేదు. ఒక చిన్న ప్లాస్టిక్ సీసా ఉంది.

"దీని వాసన నాకు పడటంలేదురా. పారేద్దామంటే మనసొప్పలేదు. వేడికి విరిగిపోతుందని తడిరుమాల్లో పెట్టుకొచ్చా. నువ్వేమైనా వాడతావేమోనని" అంటున్నాడు కొంబో.

"పడనివి ఎందుకు కొంటావు?" అన్నాడు రజబు.

"కొన్నాక కదరా తెలిసేది."

ఇంతలో షెంబిలు మామ లోపలికొచ్చి, ఆవలిస్తూ, పసుపుగుడ్డ తల్లి చేతిలో పెట్టి, కూలబడి గోడకి తల ఆనించాడు. గది నిండా పెట్రోలు వాసన. ఆవిడ గుడ్డ విప్పి, చీటీ పైకి పట్టుకుని, పైవైపే చదివింది: "నులిపురుగుల మాత్రలు, రెండు డోసులు." తల ఎత్తి అథుమానిని కింద నుంచి పైదాకా చూసింది. "ఎవరికి నాయనా?"

జైతూని వంటింట్లోంచి వచ్చి చీటీ తీసుకుని వెనక్కి తిప్పింది. చదివింది. అథుమాని చొక్కా చెయ్యి పట్టుకుని పెరట్లో బావి దగ్గరికి లాక్కెళ్లింది.

"కొంబో అన్న నన్ను అడగడానికొచ్చాడనుకున్నావా?"

"రుమాలు పట్టుకొచ్చాడు. ఊరంతా చూసింది."

"ఊరికి చెప్పకు, నీకు చెప్తున్నా" అని గొంతు తగ్గించింది. "రెండేళ్ల కింద ఎవరో దయగల పెద్దలు వచ్చి రజబుకి ఉచితంగా క్రీము సీసా ఇచ్చారు. ఇచ్చినవాళ్లు ఊరుకోలేదు, సీసా చేత్తో పట్టించి, పాపం అబ్బాయి అని ఫోటో తీసి గోడకంటించారు. ఆ సీసా ఈ బావిలోనే ఉంది. అప్పట్నించీ ఎవరిచ్చినా ముట్టడు, కొనడు. ఒకడు పారేస్తున్నది అయితేనే తీసుకుంటాడు. అందుకని అన్న పారేసేవాడయ్యాడు."

"అయితే స్టాండులో అందరికీ పూయడం?"

"వాడొక్కడే పూసుకుంటే అందరూ చూస్తారు. ముప్ఫై మంది పూసుకుంటే ఎవరు చూస్తారు?"

అథుమాని బావి గట్టు మీద కూర్చున్నాడు. కంటి పరీక్ష, చెమట, నారింజలు. గోల్‌కీపరు చేతులు. అతను నాలుగు నెలలు చూసి కూడా చూడలేదు.

"ఆయనకేం పట్టింది ఇదంతా?" అన్నాడు. గొంతులో మంట ఇంకా చల్లారలేదు.

"రజబు రాకముందు గోల్‌కీపరు ఆయనే. ఒకే ఆటలో ఏడు గోల్స్ వదిలాడట. వాడు వచ్చాకే తనకి కంటినిండా నిద్రపట్టిందంటాడు."

మళ్లీ లోపలికెళ్లేసరికి రజబు సీసా చేత్తో తిప్పుతున్నాడు. దాని మూతకి వేసిన సీలు ఇంకా చిరగలేదు. కొంబో నుదుటి మీద చెమట పోస్తోంది. ఆ చెమటకి, మూడు పరీక్షలూ నెగ్గి ఆ సీసాలో ఉన్న పదకొండో నంబరు కూడా ఆగేటట్టు లేదు.

"మూత కూడా తియ్యలేదు. వాసన ఎలా పడలేదు?" అన్నాడు రజబు. అతను అథుమాని వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. నువ్వు అబద్ధం ఆడవు. ఇది నాకోసం కొన్నదేనా?"

అవునని ఒక్క మాట అంటే చాలు. సీసా బావిలోకి పోతుంది, కొంబో ఈ గుమ్మం మళ్లీ తొక్కడు, రోజుకి ఆరుసార్లు కొట్టుకెళ్లడం కూడా ఆగిపోతుంది. ఆ మాట అథుమాని నాలుక చివరిదాకా వచ్చింది. జైతూని గుమ్మంలో నిలబడి అతన్నే చూస్తోంది.

"నీకోసమా?" అన్నాడు అథుమాని. "ఆ సీసా వారం నుంచి నేను అడుగుతున్నా. కాళ్లావేళ్లా పడ్డా. నాకివ్వకుండా తీసుకొచ్చి నీకిస్తున్నాడు. నా ముఖం చూడు, తెలియడంలేదా?"

రజబు ముఖం చూశాడు. అథుమాని జీవితంలో ఆడిన మొదటి అబద్ధం అది. ముఖంలో ఉన్న ఈర్ష్య మాత్రం నూటికి నూరుపాళ్లూ నిజం. నాలుగు నెలలుగా మగ్గిన సరుకు, అంత అసలుది ఏ నటుడూ తేలేడు.

"అయితే నీకివ్వను" అన్నాడు రజబు. సీసా ఒళ్లోకి లాక్కున్నాడు. సీలు చింపి, రెండు వేళ్ల పొడుగునా పిండుకుని, అథుమానిని ఏడిపించడానికన్నట్టు నిదానంగా ముఖమంతా రాసుకున్నాడు. కాసేపు ఆగి చెంప తడుముకున్నాడు. "రాసుకున్నట్టే లేదే" అన్నాడు.

కొంబో ముఖం తిప్పుకుని గోడ వైపు చూస్తూ చాలాసేపు దగ్గాడు.

"మగాడివి, క్రీము కోసం ఇంత ఏడుస్తావా?" అన్నాడు రజబు. "అక్కా, ఈ సోకుగాడా నిన్ను అడగడానికొచ్చింది?"

"ఉత్తరానికి జవాబు వారం తర్వాత చెప్పడం మన ఆనవాయితీ" అంది తల్లి, చీటీని ఇంకా అనుమానంగానే చూస్తూ.

"వారం ఎందుకులే అమ్మా" అంది జైతూని. "సోకుంటే ఉండనీ. మందులు మాత్రం ఇకమీదట నేను చెప్తేనే కొనాలి."

షెంబిలు మామ నిద్రలోనే తల ఊపాడు. జైతూని లోపలికెళ్లి అల్లం కాఫీ కాచి పళ్లెంలో చిన్న కప్పులు పెట్టుకొచ్చింది. అందర్నీ దాటుకుంటూ నేరుగా వెళ్లి, మొదటి కప్పు కొంబోకే ఇచ్చింది.

అథుమాని అది కూడా లెక్కపెట్టుకున్నాడు.